మూడుసార్లు పిలిపించుకున్న ఓటరు

తవిటయ్య మావ ఎడమచేతి చూపుడువేలు ప్లాంటులో తెగింది. కాగితాల్లో మాత్రం తెగింది గౌరీశంకర్ వేలు.

గౌరీశంకర్ అనేవాడు నిజంగానే ఉన్నాడు. పలాస దగ్గర తన ఊళ్లో, పది వేళ్లతో, జీడితోట చూసుకుంటూ క్షేమంగా ఉన్నాడు. ఊళ్లనుంచి కూలీల్ని తెచ్చే లేబర్ సర్దారు జగ్గారావుకి బావమరిది. ఒకప్పుడు ప్లాంటు పక్క బస్తీ బర్మామైన్స్‌లో నెల రోజులుండి, ఆ పొగ పడక వెళ్లిపోయాడు. అతని గేటుపాసు మిగిలిపోయింది. కొత్త పాసు చేయించాలంటే డాక్టరు పరీక్ష, పోలీసు విచారణ, ఆఫీసు చుట్టూ తిరుగుడు. అప్పుడే రైలు దిగిన తవిటయ్య ఎదురుగా నిలబడి ఉన్నాడు. జగ్గారావు పాసు మీది ఫోటో పీకేసి ఈయన ఫోటో అంటించాడు. పని నీది, పేరు ఆడిది, ఏటవుద్ది అన్నాడట.

ఏమీ కాలేదు, పదకొండేళ్లపాటు. రోజూ పొద్దున్న గేటు దగ్గర హాజరు వేసే మున్షీ 'గౌరీశంకర్' అని పిలిచేవాడు. ఈయన 'హాజిర్' అనేవాడు. పీఎఫ్ గౌరీశంకర్ పేరున పడింది. వేలు తెగినందుకు వచ్చిన పరిహారం కూడా గౌరీశంకరే వచ్చి సంతకం పెట్టి పట్టుకెళ్లాడు. తర్వాత గేటు దగ్గర వేలిముద్ర మిషన్లు పెట్టారు. మిషను జగ్గారావు మాట వినలేదు. ఆ రోజే బయటికి పంపేశారు. కాగితం ప్రకారం చూస్తే బయటికి పంపింది కూడా గౌరీశంకర్‌నే.

ఈ కథ విన్న వాళ్లు అయ్యో అంటారు. నాకు జాలి రాదు. పదకొండేళ్లలో ఒక్కసారైనా నోరు తెరవని మనిషి మీద జాలిపడటం రాయి మీద నీళ్లు పోయడమే. మన వాళ్ల సంగతి నాకు తెలుసు. శ్రీకాకుళం నుంచి సర్దారు వెనకాల తోకలా రైలెక్కి వస్తారు. ఆ సర్దారు ఎంత తిన్నా, మనూరోడే కదా తిన్నాడు అని సరిపెట్టుకుంటారు.

పాసు పోయాక ఆయన, భార్య దాలమ్మ బర్మామైన్స్ వదిలి, సువర్ణరేఖ నది దాటి మాంగో పేటలో మా గల్లీకి వచ్చారు. మా గల్లీ నదికి దగ్గర. వానాకాలం నది మా ఇళ్లలోకి వస్తుంది, ఎండాకాలం గుక్కెడు నీళ్లుండవు. ఆడవాళ్లు పక్క గల్లీ బోరింగు దగ్గర డబ్బాలు వరసలో పెట్టి, తిట్లు తిని, తిట్టి, నీళ్లు తెస్తారు. ఆయనకి జుగ్సలాయిలో ఒక చిత్తుకాగితాల గోడౌన్లో పగటి కాపలా దొరికింది. నేనూ అప్పుడు అక్కడే బస్తాలు కట్టేవాణ్ణి. చిత్తుకాగితాల్లో పుస్తకాలు వచ్చేవి. వాటిని పక్కకి తీసి చదివేవాణ్ణి. ఆయన గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, నేను చదువుతుంటే చూసేవాడు. ఏముందందులో అని ఎప్పుడూ అడగలేదు. అదొక్కటి నాకు ఆయనలో నచ్చింది.

తన పేరు సంగతి మాత్రం నేను అడక్కుండానే చెప్పాడు. ఆయనకి ముందు తల్లికి ఇద్దరు పుట్టి పోయారు. మూడోవాడు పుట్టగానే పక్కింటామె చేతిలో పెట్టేసి, చేటెడు తవుడు ఇచ్చి తిరిగి కొనుక్కుంది. తవుడుకి అమ్ముడుపోయిన బిడ్డ చవక సరుకు, యముడు అటు చూడడని మా వాళ్ల నమ్మకం. అందుకే మాలో ఇంతమంది తవిటయ్యలు, తవిటమ్మలు. ఆ పేరు ఉన్నంతకాలం తనకి ఏమీ కాలేదని, దాన్ని తీసి గౌరీశంకర్‌ని పెట్టుకున్నాకనే వేలు పోయిందని ఆయన లెక్క. మిషను మీది గార్డు రేకు విరిగిపోయి నెల రోజులైనా ఎవడూ బాగుచెయ్యలేదు మావా, అందుకు తెగింది అన్నాను. అదీ నిజమే, ఇదీ నిజమే అన్నాడు. ఇలాంటి మనుషులతో వాదించడం కన్నా బస్తాలు కట్టుకోవడం మేలు.

ఈమధ్య మాంగోకి మొట్టమొదటిసారి కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. మా వార్డుకి నిలబడ్డవాళ్లలో జగ్గారావు ఒకడు. సర్దారుగిరీ నుంచి కాంట్రాక్టుకి, కాంట్రాక్టు నుంచి రెండంతస్తుల ఇంటికి ఎదిగి, ఇప్పుడు తెల్ల చొక్కా వేసుకుని సేవ చేస్తానంటున్నాడు. మా గల్లీలోకి పైపులైను తెస్తానన్నాడు. ఆ ఒక్క మాటకి గల్లీ అంతా అతని ఫోటో ఉన్న టోపీలు పెట్టుకుంది.

జనం ఎందుకు ఓటేస్తారో నేను ఆ పదిహేను రోజుల్లో దగ్గర్నుంచి చూశాను. నీలకంఠం వేస్తాడు, ఎందుకంటే జగ్గారావు వాళ్లమ్మాయి పెళ్లికి వచ్చి రెండు నిమిషాలు నిలబడ్డాడు. టీకొట్టు చిలకమ్మ వేస్తుంది, ఎందుకంటే వెయ్యకపోతే ఆ సంగతి వాళ్లకి తెలిసిపోతుందని భయం. కుర్రాళ్లు వేస్తారు, వేలికి సిరాతో ఫోటో దిగడానికి. దాలమ్మత్తకి ఆ రోజు మంచి చీర కట్టుకుని గల్లీ దాటే అవకాశం. రోడ్డు గురించి, కాలవ గురించి, దోమల గురించి ఒక్కడూ అభ్యర్థిని నిలబెట్టి ప్రశ్న అడగలేదు. ఇలాంటి జనానికి ఇలాంటి జగ్గారావు రావడంలో అన్యాయం ఏమీ లేదు.

నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను. హిందీ జాబితా గబగబా చదవగలవాణ్ణి గల్లీలో నేనొక్కణ్ణే కాబట్టి జగ్గారావు నన్ను పోలింగ్ ఏజెంటుగా కూర్చోమన్నాడు. బూత్‌లో అధికారి ఓటరు పేరు పైకి చదువుతాడు. ఆ మనిషి అతనేనా కాదా అని చూసి, మన జాబితాలో గీత పెట్టుకోవడం ఏజెంటు పని. రోజు కూలీ, బిరియానీ పొట్లం. ఒప్పుకున్నాను.

ఎన్నికకి ముందురోజు పొద్దున్న జగ్గారావు పిలిచి నా చేతిలో ఒక ఓటరు చీటీ పెట్టాడు. మా గల్లీ సోమేశ్వరరావుది. ఆయన ఏడాదిగా కొడుకు దగ్గర గుజరాత్‌లో ఉన్నాడు. వయసు, ఒడ్డూపొడుగూ తవిటయ్యకి సరిపోతాయి. ఇలా ఊళ్లో లేనివాళ్ల చీటీలు ఓ డజను ఉన్నాయని, ఒక్కోదానికి ఒక్కో మనిషిని చూశామని, తవిటయ్యని నువ్వు ఒప్పించమని చెప్పాడు. మావ ఎలాగూ మనకే వేస్తాడు కదా, ఆయన ఓటు ఆయన వేసుకోనివ్వొచ్చు కదా అన్నాను. జగ్గారావు నవ్వాడు. ఆయన ఓటు ఎటు పోతుందో తెలీదట. సోమేశ్వరరావు చీటీ మీద వెళితే పక్కన నువ్వుంటావు, భయానికి మనకే వేస్తాడు, వేలికి సిరా పడ్డాక సొంత ఓటు ఎలాగూ ఉండదు అన్నాడు. అంటే ఒక ఓటు కలపడంతో పాటు ఒక ఓటు చంపడం. వెధవ అయినా లెక్క తెలిసిన వెధవ.

గోడౌన్ గేటు దగ్గర తవిటయ్య స్టూలు మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. చీటీ ఇచ్చి సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు, చదవడం రాకపోయినా.

"నా చీటీ నాకుంది గదరా అల్లుడా" అన్నాడు.

అది పక్కన పెట్టమన్నాను. ఎవరికి వేసినా ఒకటేనని, గల్లీకి పైపు కావాలో వద్దో ఆలోచించుకోమని చెప్పాను. నువ్వు కాదంటే పైపు నీవల్లే రాలేదని గల్లీ ఆడవాళ్లు నిన్నూ, అత్తనీ బతకనివ్వరు అన్నాను. ఆయన చీటీని ఇంకోసారి తిప్పాడు. నాకు చిరాకెత్తింది. పదకొండేళ్లు నోరు విప్పని మనిషికి ఇప్పుడెందుకీ పట్టింపు.

"నీకు అలవాటే కదా మావా. పదకొండేళ్లు గౌరీశంకర్‌వి అయ్యావు. పది నిమిషాలు సోమేశ్వరరావువి కాలేవా" అన్నాను.

ఆయన నా మొహం వైపు చూశాడు. కోపంగా కాదు. తూకం వేసేటప్పుడు ముల్లు వైపు చూసినట్టు చూశాడు. తర్వాత చీటీని మడిచి జేబులో పెట్టుకుని, రేపు బేగి వత్తాను అన్నాడు. అప్పుడే ఈ మనిషి మీద నాకు మిగిలిన కాస్త గౌరవం కూడా పోయింది.

ఎన్నిక రోజు మా బూత్ ఒక స్కూలు గదిలో. పిల్లల బెంచీ మీద ఏజెంట్లం నలుగురం కూర్చున్నాం. పేర్లు చదివే అధికారి ఎక్కడో స్కూలు మాస్టారు, చలికి మెడకి మఫ్లరు చుట్టుకున్నాడు. పొద్దున్న ఎనిమిదిన్నరకి తవిటయ్య లోపలికి వచ్చాడు. ఉతికిన లుంగీ, ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. పెళ్లికి వచ్చినట్టు. నేను జాబితాలో సోమేశ్వరరావు పేరు వెతికి పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

ఆయన అధికారి దగ్గరికి పోలేదు. తిన్నగా మా బెంచీ దగ్గరికి వచ్చి, జేబులోంచి సోమేశ్వరరావు చీటీ తీసి నా ముందు పెట్టాడు. నిన్న నీ దగ్గిర పడిపోనాది, దాసుకో అన్నాడు మెల్లిగా. నా పక్కన ఉన్న అవతలి అభ్యర్థి ఏజెంటు ఆ చీటీ వైపు చూడబోతే, దాని మీద చెయ్యి వేసి కప్పేశాను. ఆయన వెళ్లి తన కార్డు మాస్టారుకి ఇచ్చాడు.

మాస్టారు జాబితాలో వేలు జరుపుకుంటూ చదివాడు. వరస నంబరు, తవిటయ్య, తండ్రి పేరు. పేరున్నవాడు 'అవును' అంటే పని ముందుకు నడుస్తుంది. తవిటయ్య పలకలేదు. మాస్టారు కొంచెం గట్టిగా చదివాడు. తవిటయ్య గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ప్లాంటు మోతలో పనిచేసినవాళ్లలో చెవుడు మామూలే కాబట్టి మాస్టారు మూడోసారి గది దద్దరిల్లేలా అరిచాడు. బయట వరసలో ఉన్నవాళ్లు కూడా తొంగిచూశారు.

అప్పుడు "హాజిర్" అన్నాడు.

మాస్టారు నవ్వుతూ, బాబా, ఇది స్కూలే గానీ నేను హాజరు వెయ్యడం లేదు అన్నాడు హిందీలో. అందరూ నవ్వారు. తవిటయ్యకి చెవుడు లేదు. గోడౌన్లో ఎలుక కదిలినా స్టూలు మీంచి లేచి చూసే మనిషి. నేను ఆయన పేరు పక్కన గీత పెట్టాను. పెట్టక తప్పదు, అదే నా పని. జగ్గారావు జాబితాలో, జగ్గారావు మనిషి చేత్తో. చూపుడువేలు లేదు కాబట్టి సిరా పక్కవేలికి పెట్టారు. లోపలికి వెళ్లి, ఓటు వేసి, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ఇంత నాటకం చేస్తే ఏం జరిగిందో చెప్పాలి కదా. ఏమీ జరగలేదు. జగ్గారావు దర్జాగా గెలిచాడు. మిగతా పదకొండు చీటీలు ఏ గొడవా లేకుండా పడ్డాయి. మా గల్లీ వాళ్లు టపాసులు కాల్చారు. నన్ను ఒక చీటీ సరిగ్గా నడపలేనివాడని చెప్పి, జగ్గారావు మళ్లీ తన గుమ్మం ఎక్కనివ్వలేదు. నాకు రావలసిన కూలీ సగమే వచ్చింది. బిరియానీ చల్లారింది.

పైపు వచ్చింది. గల్లీ మొదటినుంచి తవ్వుకుంటూ వచ్చి, చివరి నాలుగు ఇళ్ల ముందు ఆపేశారు. ఆ నాలుగింటిలో మొదటిది తవిటయ్యది. గొట్టాలు అయిపోయాయని ఒకడు, సర్వే అంతవరకేనని ఒకడు అన్నారు. మిగతా మూడిళ్ల వాళ్లకి మాత్రం, చీటీ సంగతి అప్పటికే తెలిసిపోయింది కాబట్టి, కారణం వెతుక్కోనక్కర్లేకపోయింది. తవిటయ్యని చూసి కాండ్రించి ఉమ్మడం మొదలుపెట్టారు. దాలమ్మత్త బోరింగు దగ్గర డబ్బా దించుతూ, పేరంట పేరు, తవుడుకి కొన్న పేరు, దానికీ ఓ పౌరుషం అని గల్లీ అంతా వినేలా తిడుతుంది. ఆమె తిట్టడంలో తప్పేముంది, నీళ్లు మోసేది ఆవిడ.

నేను గోడౌన్ మానేశాను. ఆదిత్యపూర్‌లో వేరే పని దొరికింది, గది కూడా అక్కడే. మాంగో వదిలే రోజు వంతెన దగ్గర ఆటో కోసం నిలబడితే తవిటయ్య కనిపించాడు. మళ్లీ అదే ఇస్త్రీ చొక్కా. వేలి మీద సిరా గోరు అంచుకి జరిగింది, ఇంకా పోలేదు.

వెళ్లిపోతున్నానని చెప్పాను. మంచిదన్నాడు. నాకు నోరు ఆగలేదు. ఇప్పటికైనా చెప్పు మావా, ఎవడికి గుద్దావు, ఆ అవతలివాడికేనా అని అడిగాను. కనీసం ఆ పగైనా తీర్చుకుని ఉంటాడని నా ఆశ.

"జగ్గారావుకే ఏసినాను. పైపేత్తానన్నాడు గదా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, కడుపు మండింది. వాడికే వేసేదానికి ఆ చీటీ మీదే వేస్తే పోయేది కదా, పైపు నీ గుమ్మం ముందుకి వచ్చేది, నా పరువూ దక్కేది, ఊరంతా నిన్ను తిట్టడం తప్పేది కదా అన్నాను. ఏం మిగిలింది నీకు అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, అవన్నీ ఇక్కడ రాయడం అనవసరం. ఆయన అంతా విన్నాడు. ఆటో వచ్చి ఆగింది. ఆయన నా సంచి లోపల పెట్టి, చొక్కా సర్దుకున్నాడు.

"పదకొండేళ్లు ఆ గౌరీశంకర్‌గా ఉండి ఏటీ అడగనేకపోనాను. ఏలు పోనాదని ఎవులని అడగను, ఆడి ఏలు ఆడికుంది గదా. ఇప్పుడు పైపు రాలేదని అడగడానికే ఎల్తన్నాను జగ్గారావు ఇంటికి. ఎవులొచ్చినారని లోపల్నించి అడుగుతారు గదరా అల్లుడా, ఏటో ఒక పేరు సెప్పాల గదా."