గవర్నర్ గారి వంటిల్లు

పోయిన నెల షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో ఒక స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. పాత సామాన్ల దుకాణంలో కొన్న చెక్క బీరువాకి ఆమె తేనెమైనం పూసి గుడ్డతో రుద్దుతోంది. ఆ వాసన తగలగానే చెప్తున్న మాట మధ్యలో ఆగిపోయాను. చాలా ఏళ్ల క్రితం ప్రతి మంగళవారం నా చేతులకి అదే వాసన ఉండేది. ఎదురుగా నడుం మీద చేయి పెట్టుకొని, "మెట్ల మూలల్లో కూడా రుద్దు, దుమ్మంతా అక్కడే దాక్కుంటుంది" అనే ఒక పొడవాటి ముసలావిడ ఉండేది. ఆవిడ మిస్ డోరతీ.

పెళ్లయిన కొత్తలో మేము అమెరికాలో తూర్పు వైపు ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. డిపెండెంట్ వీసా మీద వచ్చినదాన్ని కనుక ఉద్యోగం చేసే వీలు లేదు. గుంటూరులో రెండేళ్లు పిల్లలకి చరిత్ర పాఠాలు చెప్పిన నేను, రోజంతా కిటికీ దగ్గర కూర్చొని పార్కింగ్ లాట్‌లో కార్లు వచ్చీ పోవడం చూసేదాన్ని. ఒకరోజు నడకకి వెళ్తే వాన పట్టుకుంది. దగ్గర్లో కనిపించిన ఇటుకల ఇంటి వరండాలోకి పరుగెత్తాను. అది ఆ రాష్ట్రానికి తొలినాళ్లలో గవర్నర్‌గా చేసిన ఒకాయన ఇల్లు. మ్యూజియంగా మార్చారు. దాని బాగోగులన్నీ చూసేది మిస్ డోరతీ. బడిలో చరిత్ర చెప్పి రిటైరైంది. తలుపు తీసి, తడిసిన నా చెప్పులకేసి చూసి, "వాన తగ్గేదాకా గవర్నర్ గారి కథ వింటావా?" అంది.

నా ఒక్కదానికే ఇల్లంతా తిప్పి చూపించింది. గవర్నర్ గారు, తండ్రి చిన్నప్పుడే పోతే, పొలం దున్నుకుంటూ చదువుకున్నాడట. అడవుల్లో బాటలు వేయించాడు. పేదల పిల్లలకి బడులు పెట్టించే చట్టం మీద సంతకం చేశాడు. పదవిలోకి వస్తూనే తన ఇంటి బానిసలందరికీ స్వేచ్ఛ ఇచ్చేశాడు. ఈ చివరి మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు కాస్త గర్వంగా మారింది. ఇంటి వెనక విడిగా ఉన్న వంటిల్లు కిటికీలోంచి కనిపిస్తోంది. "ఇంత పెద్ద ఇంట్లో వంట ఎవరు చేసేవారు?" అని అడిగాను. "జీతానికి పెట్టుకున్న మనిషి అయ్యుంటుంది" అని, వంటింటికేసి చూసి, "ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మంగళవారం ఖాళీయేనా నీకు?" అంది.

అలా వాలంటీర్‌నయ్యాను. పేరు పెట్టి పిలవమనేది. పెద్దావిడని అలా పిలవడానికి నాకు నోరు రాలేదు. చివరికి 'మిస్ డోరతీ' అనే పిలుపు దగ్గర ఇద్దరం రాజీపడ్డాం. మొదట్లో మెట్లు తుడవడం, వచ్చినవాళ్లకి టికెట్లు ఇవ్వడం. తర్వాత ఒకరోజు గవర్నర్ సొంత చేత్తో రాసిన ఉత్తరాల పెట్టె నా ముందు పెట్టింది. ఆ గొలుసుకట్టు రాత ఇప్పటి పిల్లలు చదవలేకపోతున్నారని, చదివి టైప్ చేసేవాళ్లు కావాలని అంది. కాపీ రైటింగ్ కోసం నాలుగు గీతల పుస్తకాలు నింపిన చేయి నాది. పేజీ చదివి వినిపిస్తే ఆవిడ కళ్లజోడు తీసి నావైపు చూసింది. "ఈ దేశంలో నాతో ఎవరికీ పని లేదన్నావు కదూ, మొన్న?" అంది. ఆ రోజు నేను ఇంటికి నడిచిన నడకే వేరు.

నాలుగో నెలలో ఆ ఉత్తరం దొరికింది. గవర్నర్ తన తమ్ముడికి రాసినది. పంటల సంగతులు, మోకాలి నొప్పి, ఆ తర్వాత నాలుగు వాక్యాలు. హానా వంట బాగా చేస్తోందని, మిగతావాళ్లతో పాటు ఆమెకి స్వేచ్ఛ కాగితాలు ఇవ్వకపోవడమే మంచిదైందని, ఆమె కూతుర్ని నీ దగ్గరికి పంపేశాను కనుక కూతుర్ని వదిలి హానా ఇక ఎక్కడికీ పోదని. పైన వేసిన తేదీ చూశాను. అందరికీ స్వేచ్ఛ ఇచ్చాడని మేము చెప్పే రోజుకి ఆరేళ్ల తర్వాతిది.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. "మనకెందుకు ఈ గొడవ? గ్రీన్ కార్డ్ ఇంకా ప్రాసెస్‌లో ఉంది. వాళ్ల గవర్నరు, వాళ్ల హిస్టరీ. ఆ పేజీ స్కిప్ చేసెయ్" అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, నా భయమూ అదే. మంగళవారం ఉత్తరం ఆవిడ చేతికిస్తూ, "నేను తప్పు చదివానేమో" అన్నాను.

"గట్టిగా చదువు."

చదివాను. మళ్లీ చదవమంది. రెండోసారి అయ్యాక ఆవిడ కుర్చీలో కూర్చుంది. టూర్‌లో పంచే చిన్న పుస్తకం రాసింది ఆవిడే. "ప్రతి ఏడాదీ ఐదో తరగతి పిల్లలు వస్తారు. అందరికీ ఆయన ఒక్క బానిసని కూడా ఉంచుకోలేదని చెప్పాను" అంది. తర్వాత, "నువ్వు సరిగ్గానే చదివావు. ఇంకెప్పుడూ తెలిసిన విషయాన్ని తెలియనట్టు నాకు చెప్పకు" అంది. మెత్తగానే అంది. నాకు మాత్రం తలెత్తబుద్ధి కాలేదు.

మ్యూజియం బోర్డుకి పెద్ద ఆ గవర్నర్ వంశంలోని ఒక పెద్దాయన. బోర్డు సమావేశానికి మిస్ డోరతీ నన్నూ వెంటబెట్టుకెళ్లింది. ఆయన ఉత్తరం చదివి మడిచి బల్ల మీద పెట్టి, "బడులు పెట్టించిన మనిషి. ఇన్నేళ్ల తర్వాత ఈ ఒక్క కాగితంతో ఆయన్ని కొలుస్తామా డోరతీ?" అన్నాడు.

"బడుల సంగతి రేపు కూడా చెప్తాను. అది నిజం కాబట్టి. ఇదీ చెప్తాను. మీ తాతముత్తాతలు చేసినదానికి నేను జవాబుదారీ కాదు. నేను చెప్పినదానికి మాత్రం నేనే జవాబుదారీ."

ఆయన కోటు తీసుకొని వెళ్లిపోయాడు. ఊళ్లో కొందరు ఆవిడతో మాటలు తగ్గించారు. ఆవిడ పట్టించుకోనట్టే ఉండేది కానీ, చర్చి నుంచి ఎప్పుడూ కలిసి నడిచొచ్చే స్నేహితురాలు రావడం మానేసిందని ఒకసారి తనే చెప్పింది. పాత పుస్తకాల కట్టలన్నీ అటక మీదికి చేర్చి కొత్తది రాసింది. మొదటి పేజీలోనే, ఇంతకు ముందు పుస్తకంలో తాను పొరపాటు రాశానని ఒప్పుకొని, తన పేరుతో సంతకం చేసింది. తర్వాత వంటింటి తాళంచెవి నాకిచ్చి, అక్కడి కథ నన్నే చెప్పమంది. నా యాస వాళ్లకి అర్థం కాదన్నాను. "అయితే నిదానంగా చెప్పు. వాళ్లకేం తొందర?" అంది.

నా మొదటి టూర్‌లో పన్నెండు మంది ఉన్నారు. సగంలో ఆ బోర్డు పెద్దాయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మిస్ డోరతీ వైపు చూస్తే ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది, నాకు సాయం వచ్చే ఉద్దేశమే లేనట్టు. గవర్నర్ బాటల గురించీ బడుల గురించీ చెప్పాను. హానా గురించి చెప్పాను. ఆమె కూతురి పేరు ఎక్కడా దొరకలేదనీ చెప్పాను. అందరూ వెళ్లాక ఆయన పొయ్యి దగ్గరికి వచ్చాడు.

"తర్వాత హానా ఏమైంది?"

"తెలియదండీ. ఇంకా వెతుకుతున్నాం."

టోపీ చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు. "మా ఇంట్లో ఒక ట్రంకు నిండా పాత కాగితాలున్నాయి. రేపు తెస్తాను" అన్నాడు. తెచ్చాడు. ఆ కాగితాల్లో హానా ఏమైందో దొరకలేదు. కూతురి పేరు దొరికింది. రూత్. ఆ రెండక్షరాలు నేను పైకి చదివినప్పుడు మిస్ డోరతీ లేచి వెళ్లి, వంటింటి గుమ్మంలో చాలాసేపు నిలబడింది.

మూడేళ్లకి మా ఆయన ఉద్యోగం షికాగోకి మారింది. నేను మళ్లీ చదువుకోవడానికి యూనివర్సిటీకి సిఫారసు ఉత్తరం రాసిచ్చింది ఆవిడే. నన్ను పొగుడుతుందనుకున్నాను. తనకి నచ్చని నిజాన్ని నేను చదివి వినిపించాననీ, అందుకు తాను రుణపడి ఉన్నాననీ రాసింది. ఆవిడ పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఆఖరి చూపుకి వెళ్లలేకపోయాను.

ఇప్పుడు శనివారాలు లైబ్రరీలో సిటిజన్‌షిప్ పరీక్షకి పాఠాలు చెప్తున్నాను. ఎక్కువగా మనవాళ్ల అమ్మానాన్నలే వస్తారు. ఒక వారం సెనేట్ గురించి ఒకావిడ అడిగిన ప్రశ్నకి ధీమాగా తప్పు జవాబు చెప్పాను. ఇంటికెళ్లి చూసుకుంటే తెలిసింది. మరుసటి శనివారం అందరూ కూర్చోగానే, "పోయిన వారం నేను తప్పు చెప్పానండీ" అని మొదలుపెట్టాను.

ముందు వరసలో కూర్చున్న ఏలూరు పెద్దాయన చేయి ఊపాడు. "పోనీలెండమ్మా, పరీక్షలో ఆ క్వశ్చన్ లేనే లేదుగా."

"పరీక్షకి కాదండీ" అన్నాను. "నోట్సు తీయండి. అది కొట్టేసి, పక్కన సరైనది రాసుకుందాం."

ఆయన నవ్వుకుంటూ కళ్లజోడు సర్దుకొని, పాత పేజీ వెతకడం మొదలుపెట్టాడు.