మునిరత్నం పిలవని నూట ఎనభై బండ్లు

"లాగ్ చూసి చెప్తాను." 2007 జూన్‌లో, చిత్తూరు దారిలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర నేనన్న మాట ఇది. మరుసటి రోజు మధ్యాహ్నానికల్లా లాగ్ చూశాను. కానీ చెప్పలేదు. ఏడాది పాటు చెప్పలేదు. ఆ ఏడాదంతా నా తప్పును మునిరత్నం అనే గేటు గుమాస్తా మోశాడు. నా వృత్తిలో గుర్తుండిపోయిన కేసు ఏదని ఎవరడిగినా ఇన్నాళ్లూ వేరే కథలు చెప్పేవాణ్ణి. ఇప్పుడు దీన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్లు. తిరుపతిలో రెండు గదుల సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. ఏడుగురం పనిచేసేవాళ్లం. జావాలో మేమే రాసుకున్న ఒక ఫ్రేమ్‌వర్క్ ఉండేది. ఫ్రేమ్‌వర్క్ అంటే ప్రతి ప్రోగ్రాంకూ పునాది నుంచి రాసుకోనక్కర్లేకుండా ముందే కట్టిపెట్టుకున్న చట్రం. అందులో షెడ్యూలరు నా భాగం. ఫలానా వేళకు ఫలానా పనిని మనిషి ప్రమేయం లేకుండా నడిపించేది షెడ్యూలరు. దాన్ని రాసినందుకు నాకు కొంచెం ఎక్కువ గర్వమే ఉండేది.

ఆ ఫ్యాక్టరీకి సీజన్లో వందల ట్రాక్టర్లు తోతాపురి కాయలతో వచ్చి రోడ్డు పక్కన రెండేసి రోజులు నిలబడేవి. ఎండకు అడుగు కాయలు మెత్తబడి కారిపోయేవి. రైతు ఇంట్లోనే ఉండి, తన వంతు రాగానే ఫోనుకు మెసేజి అందుకుని బయలుదేరాలి. ఇదీ మాకు అప్పగించిన పని.

మునిరత్నం నగరి మనిషి. యాభై దాటినవాడు. ఆ గేటులో పదకొండు సీజన్లు చూసినవాడు. ఆయన గదిలో ఒక చెక్క, దానికి నలభై మేకులు, మేకులకు నలభై రేకు బిళ్లలు ఉండేవి. యార్డులో నలభై బండ్లే పడతాయి. లోపలికి పోయే బండికి ఒక బిళ్ల ఇస్తాడు, ఖాళీ అయి బయటికొచ్చే బండి దాన్ని తిరిగిస్తుంది. బిళ్ల మేకుకు తగిలాకే ఇంకో బండిని పిలుస్తాడు. నేను కంప్యూటరు బిగిస్తుంటే పక్కనే నిలబడి అడిగాడు.

"సారూ, ఇది పది నిమిషాలకొకసారి అయిదు బండ్లను పిలుస్తాదంటివే. లోపల జాగా లేకపోతే?"

"లెక్క వేశామన్నా. పది నిమిషాల్లో అయిదు బండ్లు ఖాళీ అవుతాయి."

"అయితే సరే. కాకపోతే?"

"అవుతాయన్నా."

"గడియారం సూసి పిలిస్తే గడియారానికి తెలుస్తాది గానీ, యార్డుకేం తెలుస్తాదప్పా?"

నేను నవ్వాను. చదువుకోని మనిషి ప్రశ్నకు చదువుకున్నవాడు నవ్వే నవ్వు. బిళ్లలన్నీ ఒక గోనెసంచిలో వేసి మూలన పెట్టించాను.

పన్నెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. "ఇంట్లో పండుకోనుంటే ఫ్యాక్టరీనే పిలస్తా ఉండాదబ్బా, అల్లుడిని పిలిచినట్టు!" అని రైతులు మురిసిపోయారు. పదమూడో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు ఆఫీసుకు మునిరత్నం ఫోను చేశాడు.

"సారూ, పొద్దున ఎనిమిది నుంచి ఒక్క బండి గూడా రాలేదు. లోపల మిషన్లు ఖాళీగా తిరగతా ఉండాయి. మేనేజరు నన్ను కొరికేట్టు సూస్తా ఉండాడు."

"మోడెం దగ్గర లైటు వెలుగుతోందా?" మెసేజిలు పంపే చిన్న పెట్టె అది.

"ఎర్రగా ఒకటే మాదిరిగా ఉండాది. మిణకడం ల్యా."

"దాని వైరు పీకి మళ్లీ పెట్టన్నా. అంతే."

"అంతేనా? నాకేమన్నా అవతాదా?"

"ఏమీ కాదు. నాదీ పూచీ."

ఆయన వైరు పీకి పెట్టాడు. లైటు మిణికిందని సంబరంగా చెప్పాడు. ఎందుకైనా మంచిదని మా ఓనరు నన్ను అక్కడికి పొమ్మన్నాడు. చిత్తూరు బస్సెక్కాను. ఫ్యాక్టరీ ఇంకా రెండు మైళ్లుండగా బస్సు ఆగిపోయింది. ముందు మామిడి ట్రాక్టర్లు. వాటి ముందు ఇంకా ట్రాక్టర్లు. రోడ్డు అంచుల్లో, పక్క చేలల్లో, కల్వర్టు మీద, ఎక్కడ చూసినా ట్రాక్టర్లే. డ్రైవర్లందరూ ఫోను తెర చూపిస్తూ ఒకరితో ఒకరు పోట్లాడుకుంటున్నారు.

"నన్ను పిలిచినారు, జరుగు!"

"నన్ను మాత్రం తిట్టినారా? నన్నూ పిలిచినారు!"

బస్సు దిగి నడిచాను. ఒక రైతు నన్ను ఎవరనుకున్నాడో, రెండు కాయలు చేతిలో పెట్టి, "తిను సారూ. ఈ పొద్దుకు లోపలికి పోయేది ల్యా, కుళ్ళేదానికంటే నీ కడుపులోకి పోతే మేలు" అన్నాడు. తింటూ నడిచాను. నా చేతులారా చేసిన జామ్ మధ్యలో నేనే మామిడికాయ తింటూ నడవడం ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం రసం మోచేతిదాకా కారుతున్నా తెలియలేదు. ఒక ఊహ అప్పటికే మెదడులో కదులుతోంది.

గేటు గదిలో మేనేజరు తెర మీద జాబితా తెరిచాడు. పిలిచిన బండ్లు నూట ఎనభై. పక్కన 'పిలిచినవారు' అనే గడి. అందులో నూట ఎనభై సార్లు ఒకే పేరు: మునిరత్నం.

"ఇదేందిది? నీ బామ్మర్ది బండి గూడా ఉండాదే ఇందులో!" అన్నాడు మేనేజరు.

"వాడి వంతు ఎట్లా ఈ పొద్దే రావల్సింది సార్. నేను ఒక్కరిని గూడా పిలవలేదు. ఈ సారు వైరు పీకి పెట్టమంటే పెట్టినా." మునిరత్నం నా వైపు తిరిగాడు. "మీరు సెప్పండి సారూ. వైరు ముట్టుకున్నది తప్ప నేనేం జేసినా?"

అప్పుడన్నాను ఆ మాట. "లాగ్ చూసి చెప్తాను."

లాగ్ అంటే ప్రోగ్రాం తను చేసిన ప్రతి పనినీ రాసుకునే దినచర్య. మరుసటి రోజు దాన్ని చదివితే అంతా అద్దంలా కనిపించింది. నా షెడ్యూలరుకు ఉన్నది ఒకే థ్రెడ్. థ్రెడ్ అంటే పనివాడనుకోండి. పిలుపులూ మెసేజిలూ అన్నీ ఆ ఒక్కడే చేయాలి. ఎనిమిది గంటలకు మోడెం బిగుసుకుపోయింది. జవాబు కోసం ఎంతసేపు ఆగాలో నేను రాయలేదు కాబట్టి, పాపం వాడు ఆరు గంటలు దాని ముందే నిలబడ్డాడు. వైరు పీకగానే వాడికి మెలకువ వచ్చింది. దానికి తోడు నేను వాడిన పద్ధతి 'ఫిక్స్‌డ్ రేట్'. గడియారం ప్రకారం పది నిమిషాలకొక పిలుపు. మధ్యలో తప్పినవి ఉంటే వరసగా చేసేసి బాకీ తీర్చేస్తుంది. ఆరు గంటల్లో తప్పినవి ముప్పై ఆరు పిలుపులు. పిలుపుకు అయిదు బండ్లు. పావుగంటలో నూట ఎనభై మందికి మెసేజిలు పోయాయి.

మరి మునిరత్నం పేరు ఎలా పడింది? అదే నన్ను ఎక్కువ బాధపెట్టేది. తనంతట తాను నడిచే పనికి మనిషి పేరుండదు. ఆ గడి ఖాళీగా ఉంటే ప్రోగ్రాం ఒప్పుకోదు. పని తేలిగ్గా అయిపోతుందని, ఆఖరున లాగిన్ అయినవాడి పేరు వేసేయమని నేనే ఒక వరస రాశాను. ఆ కంప్యూటరులో లాగిన్ అయ్యేది ఆయనొక్కడే.

మా ఓనరు అడిగాడు, "మన తప్పేమైనా ఉందా?"

"కొన్ని మెరుగులు చెయ్యాలి సార్," అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు. ఫ్యాక్టరీ మమ్మల్ని వద్దంటే నా ఉద్యోగం ఏమవుతుందోనన్నదే అప్పుడు నా భయం.

మెరుగులు మాత్రం బాగానే చేశాను. మూడు రోజులు కూర్చుని షెడ్యూలరును తిరగరాశాను. మొదటి రోజు ఏమీ తోచక గేటు గదికి పోతే, మూలన గోనెసంచి కనిపించింది. బిళ్లలు కింద పోసి చూస్తూ కూర్చున్నాను. నాకు కావలసినదంతా అందులో ఉంది. మెసేజిలు పంపడానికి వేరే పనివాళ్లను పెట్టాను. పిలిచే పనివాడు మెసేజి వాళ్లకు అప్పజెప్పి తన దారిన తను పోతాడు, దీన్నే ఎసింక్రనస్ అంటాం. మోడెం అర నిమిషంలో పలకకపోతే ఆ మెసేజిని పక్కన పెట్టి తర్వాతది చూడాలి, అది టైమౌట్. తప్పిన పిలుపుల బాకీ తీర్చడం మానేసి, ఒక పిలుపు పూర్తయ్యాకే తర్వాతి పది నిమిషాలు లెక్కపెట్టేలా మార్చాను. అన్నిటికంటే ముఖ్యం, కోడులో నలభై బిళ్లలు పెట్టాను. ఖాళీ బండి గేటు దాటి బిళ్ల తిరిగొస్తే తప్ప కొత్త పిలుపు లేదు. ఆ భాగానికి 'బిళ్ల' అనే పేరు పెట్టాను. ఓనరు అదేంటని అడిగితే, ఏదో ఒక పేరు సార్ అన్నాను.

ఆ సీజన్లో మళ్లీ ఒక్క జామ్ లేదు. ఆ షెడ్యూలరును మా మిగతా ప్రోగ్రాంలన్నిటిలోనూ పెట్టారు. నన్ను టీం లీడరును చేశారు. మునిరత్నాన్ని టెంకల యార్డుకు మార్చారు. గుజ్జు తీశాక మిగిలిన టెంకలు గుట్టలుగా పోసే చోటు అది. పైన ఈగలు, కింద జిగట. రైతులు ఆయనకు 'నూటెనభై' అని పేరు పెట్టారు. నగరిలో పెళ్లికి పోతే అక్కడా, "ఏం నూటెనభై, భోజనానికి ఎంతమందిని పిలిచినావు?" అంటున్నారని ఫ్యాక్టరీలో ఎవరో నవ్వుతూ చెప్పగా విన్నాను. నేనూ నవ్వాను.

మరుసటి ఏడు సీజన్‌కు ముందు కంప్యూటరు సరిచూడడానికి వెళ్లినప్పుడు నేరుగా టెంకల యార్డుకు నడిచాను. తలకు తడిగుడ్డ చుట్టుకుని, పొడవాటి కర్రతో పోయిన సీజన్ ఎండు టెంకలను పక్కకు తోస్తున్నాడు.

"ఏమి సారూ, దోవ తప్పినావా? కంప్యూటరు ఆ పక్క ఉండాది."

"నీ దగ్గరికే వచ్చినానన్నా. పోయినేడు ఆ బండ్లను పిలిచింది నువ్వు కాదు, నా ప్రోగ్రాం. ఆ మర్నాడే నాకు తెలిసింది. నన్ను..."

"ఆగప్పా, ఆగు." కర్ర కింద పెట్టాడు. కోపంగా లేడు, విసుగ్గా ఉన్నాడు. "నేను పిలవలేదని నాకు సెప్తావేంది? అది నాకు తెలియదా? తెలియనోళ్లకు సెప్పు."

"ఎవరికి?"

"లెక్క నీకే బాగా తెలుసు. నూటెనభై మంది."

ఇన్నేళ్లలో నా పనికి అంత స్పష్టమైన ఆదేశం ఎవరూ ఇవ్వలేదు. ముందు తిరుపతికి పోయి ఓనరుకు చెప్పాను. చాలాసేపు తిట్టాడు. చివర్లో, "ఆ బిళ్ల ఎవరిదో ఇప్పుడర్థమైంది" అన్నాడు. తర్వాత మేనేజరుకు చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏడాదిగా ఆ మనిషి నాకు నమస్కారం పెడతా ఉంటే, తప్పు చేసి భయపడతా ఉండాడనుకుంటిని గదయ్యా! మర్యాద అనుకోలేకపోతిని." వెంటనే మునిరత్నాన్ని మళ్లీ గేటు పనికి మార్చాడు. ఆ నూట ఎనభై మందికీ నేను పెడతానన్న మెసేజికి కూడా ఒప్పుకున్నాడు. "ఫ్యాక్టరీ పేరు మాత్రం రాయొద్దు. నీ పేరు రాసుకో" అన్నాడు.

ఒక పని పడిపోయినప్పుడు దాన్ని మళ్లీ నడిపించడం ఎలాగో ఆ షెడ్యూలరు నాకు నేర్పింది. కానీ కొన్ని పనులు ఆలస్యమైతే వాటి వల్ల వేరేవాళ్లు నిలబడిపోతారని నేర్పింది మాత్రం మునిరత్నం. నేను ఒక్క మాట ఆపితే ఒక మనిషి ఏడాది పాటు టెంకల గుట్ట దగ్గర నిలబడ్డాడు. అప్పట్నుంచి మా ఆఫీసులో తనంతట తాను నడిచే ఏ పనికీ మనిషి పేరు వేయనివ్వలేదు. 'షెడ్యూలరు చేసింది' అని రాయిస్తాను. దాని కింద, దాన్ని రాసినవాడి పేరు.

సీజన్ మొదటి రోజు పొద్దున పదింటికి పాత లాగ్‌లోంచి నూట ఎనభై నంబర్లూ తీసి మెసేజి పెట్టాను. అప్పటి ఫోన్లలో తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "పోయినేడు మీ అందర్నీ ఒకేసారి పిలిచింది మునిరత్నం కాదు. ప్రోగ్రాం తప్పు. ప్రోగ్రాం రాసింది నేను." కింద నా పేరు. అయిదేసి సెకన్లకొకటి చొప్పున, ఈసారి తొందర లేకుండా, వరసగా పోయాయి.

యార్డులో ఒక ఫోను మోగింది. ఆ తర్వాత ట్రాలీ మీద ఇంకొకటి. గేటు బయట రెండు. ఒక రైతు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివి, గేటు గది కిటికీలోకి తల పెట్టాడు.

"ఏమబ్బా నూటెనభై, నువ్వు కాదంట గదా!"

"కాదని ఆ పొద్దే మొత్తుకుంటి గదరా. మనిషి సెప్తే నమ్మరు, మిషను సెప్తే నమ్ముతారు మీరు!"

అందరూ నవ్వారు. మునిరత్నం కూడా నవ్వాడు. మేకుల చెక్క మళ్లీ గోడకు తగిలించి ఉంది. అక్కర లేకపోయినా ఆయన బిళ్లలన్నీ తుడిచి పెట్టుకున్నాడు. నేను కంప్యూటరు ముందు నుంచి లేచి, కిటికీ దగ్గర చేరినవాళ్లందరికీ వినిపించేలా చెప్పాను.

"మునిరత్నమన్నా, మిషను కాదు, నేను చెప్తున్నాను. నీ చేత వైరు పీకించింది నేను. నీ పేరు రాసింది నేను. లాగ్ చూసి చెప్తానని నీ మొహం మీదనే అన్నాను. చూసినాను. చెప్పలేదు. నన్ను క్షమించన్నా."