ఎడమకు వాలిన కుర్చీ

నిన్న వడ్రంగి వచ్చి మా వసారాలోని పాత కుర్చీని తలకిందులు చేసి చూశాడు. "అవ్వా, ఎనక కుడికాలు పొట్టిగున్నది. తక్కిన మూడు గింత కోస్తే సక్కగైతది," అన్నాడు. వద్దన్నాను. తెగిన అల్లిక మాత్రం బాగుచేయించాను. ఆ కుర్చీలో అందరికంటే ఎక్కువగా కూర్చున్న మనిషి పోయి ఇంకా నెల తిరగలేదు.

ఆమెను నేను మరాఠీ అక్క అనేదాన్ని. అరవైల్లో బోధన్‌లో మా చిన్నమ్మ మహిళా మండలి నడిపేది. చెరకు కోతలకు మంజీర అవతలి నుంచి బండ్ల మీద వచ్చే కుటుంబాల ఆడపిల్లలకు కుట్టుపని, కాస్త తెలుగు, నౌకరి అడగడానికి పోతే ఎలా మాట్లాడాలో నేర్పేది. అక్క వాళ్లలో ఒకతి. బడి అయ్యాక నేనూ అక్కడే. ఒక రేకుల గది, ఒక మిషన్, ఈ కుర్చీ. ఫ్యాక్టరీ వైపు నుంచి చెరకు మడ్డి వాసన వచ్చి గదిలో నిలిచిపోయేది. మిషన్ చప్పుడు ఆగితే అందరం ఎక్కడున్నామో కాసేపు మరిచిపోయేవాళ్లం.

ఆ పిల్లలకు అన్నిటికంటే కష్టమైన పాఠం కుర్చీలో కూర్చోవడం. పెద్దల ముందు నేల మీదే కూర్చుని పెరిగినవాళ్లు. మా తాత నల్లకోటు తొడుక్కుని, చెక్కపెట్టె మీద కూర్చుని ఆఫీసరు వేషం కట్టేవాడు. "తాయీ, పెద్దమనిషి ముందట కురిసీల ఎట్ల కూసోవాలె?" అని అక్క చిన్నమ్మను అడిగి గోడకు అతుక్కుపోయేది. "కూసో పిల్లా! నిలవడ్డోళ్లను నీళ్లు తెమ్మంటరు, నౌకరి ఇయ్యరు," అనేది చిన్నమ్మ. "జల్ది కూసో బిడ్డా, కోటుల ఉడికిపోతున్న," అనేవాడు తాత. చివరికి కూర్చుంది. కుర్చీ ఒరగకుండా అంచున, ఎడమకు వాలి, కాలివేళ్లు నేలకు నొక్కి.

ఆడపిల్లల హాస్టల్లో కుట్టు నేర్పే నౌకరి ఒకటి పడింది. వస్తే మా ఇంట్లో ఉండిపోవచ్చు. రాకపోతే ఇంటివాళ్లతో బండెక్కి, మళ్లీ కొడవలి పట్టాలి. కొడవలి తనకు వద్దని నాకొక్కదానికే చెప్పింది, గుండీ కుడుతూ, తలెత్తకుండా. పిలుపు వచ్చేసరికి కోతలు అయిపోయాయి. బండి మీద సామాను ఎక్కించేశారు.

ఆ రోజు నేను ఆఫీసు కిటికీ బయట నిలబడ్డాను. ఆఫీసరు కూర్చోమన్నాడు. అక్క కూర్చుంది, అంచున, ఎడమకు వాలి.

"ఏంది, నడుం పట్టిందా?" అన్నాడాయన.

అక్క కుర్చీ చేతిని మెల్లగా తడిమింది. "గిది ఒరగదా, సాబ్?"

"కురిసీ ఎందుకు ఒరుగుతది?"

"నేను నేర్చుకున్న కురిసీ ఒరుగుతది, సాబ్. ఇంకోటి ఎన్నడు ఎక్కలే."

ఆయన నవ్వాడు. "కుట్టు గూడ గట్లనే వంకరగ నేర్చుకున్నవా?"

"కుట్టు సీదనే సాబ్. మిషన్ ఒరగదు."

నౌకరి వచ్చింది. మర్నాడు బండి ఆమె లేకుండా కదిలింది. అక్క కందకుర్తి దారి మలుపు దాకా వెంట నడిచి, తిరిగొచ్చి, మండలి కుర్చీలో కూర్చుని ఏడ్చింది. అప్పుడూ ఎడమకు వాలే.

తరవాత ఎన్ని మంచి కుర్చీలు వచ్చినా ఆమె కూర్చోవడం మారలేదు. మండలి మూతపడ్డాక ఈ కుర్చీ మా ఇంటికి చేరింది. నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా వేరేవి వదిలి దీనిలోనే కూర్చునేది.

వడ్రంగి వెళ్లాక నేనూ కూర్చుని చూశాను. తెలియకుండానే ఎడమకు వాలాను. మధ్యాహ్నం అలాగే గడిచింది. ఇన్నేళ్లూ బహుశా ఇలాగే గడిచాయి, పక్కన ఒకరున్నట్టు కాస్త ఒరిగి.