గడ్డం దేవుడి మొక్కు

జూన్ నెలాఖరు, గురువారం, సాయంత్రం. హాజరైనవారు: నేను, నా భార్య, కోట ఊరి నుంచి వచ్చిన మా బావమరిది, మాకు రోజూ చేపలు తెచ్చే పాళెం అమ్మాయి.

ఆనాటి డైరీలో ఇంతవరకే ఉంది. బడిపంతులుగా బతికినవాణ్ణి. ఎవరెవరు వచ్చారో ముందు రాసి, ఏం జరిగిందో ఆ తర్వాత రాయడం నా అలవాటు. ఆ రోజు మాత్రం హాజరు వేసి కలం మూసేశాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

అమ్మాయి అని అలవాటుకొద్దీ అంటున్నాను గానీ నలభై దాటిన మనిషి. మా ఇల్లు వాకాడు నుంచి సముద్రానికి పోయే దారిలో ఉంది. మా తర్వాత సరుగుడు తోపులు, తోపులు దాటితే చేపలు పట్టేవాళ్ల పాళెం. ఆ పాళెం బడిలో చాలాకాలం పనిచేశాను. ఆమె నా దగ్గరే నాలుగో తరగతి వరకు చదివింది. రిటైరయ్యాక కూడా పాళెంలో నా మాట చెల్లుతుంది. ఏ మాత్ర ఏ పూట మింగాలో, బిడ్డను ఏ కాలేజీలో చేర్చాలో నన్నే అడుగుతారు. "సారు చెప్పినాడు" అంటే ఇక దాని మీద ఇంకో మాట ఉండదు. అది నాకు ఎంత ఇష్టమో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

వేట నిషేధం తీరి పడవలు మళ్లీ సముద్రంలోకి దిగిన రోజులవి. ఆమె భర్త ఇంకో ముగ్గురితో కలిసి ఫైబర్ పడవలో వేటకు పోయాడు. మర్నాడు మధ్యాహ్నానికి రావలసినవాడు, ఆ పై రోజు సాయంత్రమైనా రాలేదు. ఫోను కలవడం లేదు. వెతకడానికి పోయిన పడవలు ఊరికే తిరిగొచ్చాయి. ఒడ్డున కూర్చున్న ఆమెను మా ఆవిడ బలవంతాన ఇంటికి తీసుకొచ్చి కాఫీ ఇచ్చింది. తాగకుండా గ్లాసు పట్టుకుని గోడకానుకుని కూర్చుంది.

"ఏదో ఒకటి చూస్తా ఉంటే మనసు మళ్లతాదిలే" అని మా ఆవిడ టీవీ పెట్టింది.

ఆ వేళకు ఒక విదేశీ సీరియల్ వస్తుంది, తెలుగు మాటలు తగిలించి. లోకంలోని దేవుళ్లందరూ ఒక అద్దాల మేడలో చేరి, మనుషులు ఎవరి వాటాకు వస్తారని కొట్లాడుకుంటుంటారు. ఎడారి నుంచి వచ్చిన గద్ద తల దేవుడొకడు. కొమ్ముల కిరీటం పెట్టుకున్న మంచుదేశపు దేవుడొకడు. ఎవరి పురాణం ఏదైనా అందరి కండలూ ఒకటే తీరు, ఒకే జిమ్‌కు పోయి వచ్చినట్టు. ఆ సీరియల్‌ను నేను ఒక్క రోజూ వదలను. వదలకుండా చూస్తాను, చూసినంతసేపూ వెక్కిరిస్తాను.

గద్ద తలవాడు తెరమీదికి రాగానే ఆమె గ్లాసు కింద పెట్టి దండం పెట్టింది. కొమ్ములవాడికీ పెట్టింది. ఆమె చిన్నతనంలో పంచాయతీ టీవీలో దేవుళ్ల కథలు వచ్చేటప్పుడు పాళెమంతా అలాగే చేసేది. చెప్పులు దూరంగా విడిచి, టీవీకి పసుపు కుంకుమలు పెట్టి, కర్పూరం వెలిగించేవాళ్లు. ఆ చేతులకు ఇంకా ఆ అలవాటు పోలేదు.

"ఎవురికి పడితే వాళ్లకి పెడతా ఉండావే దండాలు! ఆ గద్దకు కోడిపిల్లను గూడా ఇస్తావా ఏంది?" అన్నాడు మా బావమరిది.

"దేవుడని చెప్తా ఉండారు గదన్నా. పెడితే నా చేతులేమన్నా అరిగిపోతాయా?" అందామె.

అప్పుడు వచ్చాడు పడమటి దేశాల సముద్ర దేవుడు. బొడ్డు దాకా గడ్డం, గవ్వల కిరీటం, మూడు మొనల ఈటె. తూలుతున్నాడు. ఒక చేత్తో గిన్నె ఎత్తి తాగుతూ, రెండో చేత్తో అలల మీద పడవలను గిరగిరా తిప్పుతున్నాడు. పడవల్లో మనుషులు కేకలు పెడుతున్నారు.

ఆమె ముందుకు జరిగింది. "సారూ, ఈయన సముద్రానికేనా దేవుడు?"

"అవునమ్మా. వాళ్ల సముద్రానికి."

"సముద్రానికి వాళ్లదీ మనదీ ఏముంది సారూ, మధ్యన గట్టేమన్నా వేసినారా?" అని కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. కళ్లు తెరిచి, "మా గంగమ్మకు ఎటూ చెప్పుకున్నా. ఈయనకు గూడా టెంకాయ కొడతానని మొక్కుకున్నా. పడవ ఒడ్డుకు రానీ" అంది.

"టెంకాయ ఏం చేసుకుంటాడు ఆయన? ఎట్టా తూలతా ఉండాడో చూడు. ఆయనకు క్వార్టరు సీసా పొయ్యాల. అదైతేనే మాట వింటాడు" అన్నాను.

"బ్రాందీనా, విస్కీనా బావా?"

"ఏదైనా తాగతాడులే. ఆ మొహం చూస్తే తెలియడంలా?"

మా బావమరిది తొడ చరుచుకుని నవ్వాడు. "ఊరుకోండి, పాపం" అంది మా ఆవిడ గానీ ఆమెకూ నవ్వు ఆగలేదు. నవ్వనిది ఆ అమ్మాయి ఒక్కతే. నేను బోర్డు మీద రాస్తుంటే బడిలో పిల్లలు ఎలా చూసేవాళ్లో అలా నా వైపు చూసింది. ఆ చూపు నాకు మర్నాడు గాని అర్థం కాలేదు.

ప్రకటనలయ్యాక అద్దాల మేడ తలుపు తెరుచుకుంది. ఈసారి వచ్చింది మన కాళికమ్మ. నల్లటి ఒళ్లు, చాచిన నాలుక, మెడలో పుర్రెల దండ, మోకాళ్ల దాకా తోలు బూట్లు. గడ్డం దేవుడు ఖాళీ గిన్నె ఆమె ముందుకు చాచాడు. ఆమె వంగి నింపింది.

నేను లేచి నిలబడ్డాను. నా గొంతు వీధి దాకా వినపడి ఉంటుంది. "మన తల్లి చేత సారా పోయిస్తారా! అడిగేవాళ్లు లేరనుకున్నారా!"

"కేబులోడికి ఫోన్ కొట్టు బావా! వాడికి గడ్డి పెట్టాల!" అని మా బావమరిది అందుకున్నాడు.

తెర మీద మళ్లీ అలలు వచ్చాయి. పడవలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

"సారూ, ఒక్క నిమిషం ఉంచండి. పడవల్ని వదిలినాడో లేదో చూసి పోతా" అందామె.

"అమ్మవారిని అట్టా చూపిస్తా ఉంటే నీకు పడవలు కావాల్సొచ్చిందా?" అన్నాను. అని, ప్లగ్గు పీకేశాను.

ఆమె కాసేపు నల్లటి తెరనే చూస్తూ కూర్చుంది. తర్వాత చల్లారిన కాఫీ గ్లాసు గోడవార పెట్టి లేచింది. "పోయొస్తానక్కా" అని మా ఆవిడకు చెప్పింది. నాకు చెప్పలేదు.

ఆమె వెళ్లాక నేనూ మా బావమరిదీ ఎవరికి ఫిర్యాదు చేయాలో మాట్లాడుకుంటున్నాం. మా ఆవిడ గ్లాసు కడుగుతూ, ఇటు తిరగకుండానే అంది: "ఆ గడ్డపాయన్ను చూసి పడీపడీ నవ్వినారు గదా. ఆయన కోసరం గూడా యాడో ఒక దేశంలో ప్లగ్గు పీకే ముసలాయన ఉంటాడేమో."

మా బావమరిది నవ్వబోయి, నన్ను చూసి మానుకున్నాడు. నేను డైరీ తెరిచి హాజరు రాశాను.

మర్నాడు ఉదయం బీపీ మాత్రల కోసం బస్టాండు దాకా నడిచాను. మందుల షాపు పక్కనే బ్రాందీ షాపు. అప్పుడే షట్టరు ఎత్తారు. ముందు నిలబడ్డ మగవాళ్ల వరసలో ఆమె ఉంది, కొంగు తలమీదికి లాక్కుని. మొగుడు తాగొచ్చిన రోజు అన్నం గిన్నె వీధిలోకి విసిరే మనిషి. ఆ షాపు వస్తుందంటే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచే మనిషి.

"మొగుడు సముద్రంలో, పెళ్లాం బ్రాందీ షాపులో. బాగుండాది సంసారం" అన్నాడు వరసలో ఒకడు. ఇంకొకడు కిసుక్కున నవ్వాడు. ఆమె తిరిగి చూడలేదు. సీసా తీసుకుని కొంగులో చుట్టి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ మొహంలో సిగ్గు లేదు. నేను కనపడినందుకు ధైర్యం వచ్చినట్టు ఉంది.

"మంచిదే ఇమ్మన్నా సారూ. మీరు ఏదైనా తాగతాడన్నారు గానీ, దేవుడికి చౌకది ఎట్టా పోసేది?"

అక్కడే, ఆ మగవాళ్లందరూ వింటుండగా నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. మాత్రలు కొనకుండా ఆమె వెనకే నడిచాను. సరుగుడు తోపుల్లో నడిచినంతసేపూ "వేళాకోళానికి అన్నానమ్మా" అన్న మాట నోట్లో తిప్పుకున్నాను. ఇప్పుడు అది చెబితే ఆమెకున్న ఆ కాస్త ఆశా పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి పోతుందని నేను భయపడింది "సారు చెప్పినాడు" అన్న మాట.

ఒడ్డున ముందుగా పసుపు, కుంకుమ నీళ్లలో వదిలి గంగమ్మకు దండం పెట్టింది. తర్వాత మోకాలి లోతుకు దిగి సీసా మూత తిప్పింది. పొయ్యబోయి ఆగి నా వైపు తిరిగింది.

"నీళ్లు కలపాలా సారూ?"

"అక్కర్లేదమ్మా" అన్నాను.

చుక్క మిగలకుండా పోసింది. ఖాళీ సీసాతో దండం పెట్టి గట్టుకు వచ్చేసరికి పాళెం వైపు నుంచి ఒక ముసలామె చెయ్యి ఊపుతూ, అరుస్తూ వస్తోంది. ఫోను వచ్చిందట. ఇంజను చెడిపోయి పడవ దక్షిణానికి కొట్టుకుపోతే అరవవాళ్ల పడవ ఒకటి చూసి తాడు కట్టి లాక్కుపోయిందట. నలుగురూ ప్రాణాలతో ఉన్నారట.

ఆమె సీసా నా చేతిలో పెట్టి పరుగెత్తింది. కొంత దూరం పోయి వెనక్కి తిరిగి, "వదిలినాడు సారూ!" అని అరిచింది.

సీసాను సముద్రంలోకి విసరడానికి మనసొప్పలేదు. చొక్కా జేబులో పట్టలేదు. చేత్తోనే పట్టుకుని పాళెం వీధి గుండా ఇంటికి బయలుదేరాను. ఎదురొచ్చిన నా పాత శిష్యులు సీసాను చూశారు, నా మొహం చూశారు, పక్కకు తప్పుకుని రోజూలాగే నాకు దండం పెట్టారు.