ఒకే నంబరు మీద కొన్న లైట్లు

అన్న చనిపోయాక ఆయన ఫోన్ నా జేబులో ఉండేది. పసుపు ధర అడిగేవాళ్లు, సంగతి తెలియనివాళ్లు ఫోన్ చేస్తూనే ఉండేవారు. ఆ మధ్యాహ్నం ఒక కంపెనీ మెసేజ్ వచ్చింది. మీరు కొన్న చార్జింగ్ లైట్లో బ్యాటరీ లోపం ఉంది, ఉబ్బి అంటుకోవచ్చు, వాడకం ఆపి దుకాణంలో తిరిగి ఇవ్వండి.

మా వైపు పసుపు అమ్మాక పక్కపక్క కల్లాలవాళ్లు కలిసి సామాను కొంటారు. ఎక్కువ తీసుకుంటే ధర తగ్గుతుంది. మొన్నటి సీజన్లో అలా కొన్న లైట్లన్నిటికీ అన్న తన నంబరే ఇచ్చాడు.

పని మీద ఆర్మూర్‌లోనే ఉన్నాను, ఆ లైట్లు కొన్న దుకాణానికి వెళ్లాను.

"మెసేజ్ పోయింది గదన్నా, ఇంకేం జెయ్యాలె?" అన్నాడు యజమాని.

"ఆ నంబరు మనిషే లేడు. మిగతోళ్లకు ఎవరు చెప్తరు?"

"జర మీరే చెప్పుండ్రి. కంపెనీకి తెల్సింది గా ఒక్క నంబరే."

ఒక్క నంబరు మీద అన్ని లైట్లు అమ్ముడుపోయాయంటే అవన్నీ ఒకే ఇంట్లో ఉండవు. అమ్మడానికి ఊరూరికీ ప్రచారం బండి తిప్పిన కంపెనీ, వెనక్కి తీసుకోవడానికి ఒక మెసేజ్‌తో సరిపెట్టుకుంది. ఆ మాట అతనితో అనేంత నిదానం నాకు లేదు. ఇంట్లో ఒక లైటు వెలుగుతోంది.

గాలికి నూనె దీపం ఆరిపోతోందని వదిన అన్న ఫొటో ముందు ఆ లైటు పెట్టింది. కరెంటు పోయినా ఆరకూడదని ప్లగ్గు తీయనివ్వడం లేదు. ఇంటికొచ్చి నేను స్విచ్ మీద చెయ్యి వేయగానే లేచింది.

"దినాలు గాకముందే దీపం ఆర్పుతవా? మీ అన్నకు తొవ్వ ఎట్ల గనవడ్తది?"

"ఇల్లు అంటుకుంటది వదినా."

"మీ అన్న తెచ్చింది అంటుకుంటదా? అగ్గువని తేలె, మంచిదని తెచ్చిండు."

"అన్న తప్పు గాదు. చేసినోళ్ల తప్పు."

ప్లగ్గు పీకి లైటు తిప్పి చూపించాను. వెనక మూత పైకి లేచి ఉంది. వదిన ముట్టుకుని, వేడికి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మన పక్క కల్లం జక్రాన్‌పల్లి ఆయన ఇంట్ల సుత ఉన్నది గదరా. మంచం పక్కకే పెడ్తడు, పిల్లలు పండేకాడ."

లైటును వాకిట్లో మట్టి మీద పెట్టి, అతనికి నా ఫోన్ నుంచి చేశాను. కొత్త నంబరని ఎత్తలేదు. అన్న ఫోన్ నుంచి చేస్తే వెంటనే ఎత్తాడు.

"అన్నా?" అన్నాడు.

"నేను తమ్ముణ్ణి. ముందుగాల లైటు ప్లగ్గు పీకు. తర్వాత మాట్లాడుదాం."

అవతల ఫోన్ దేనిమీదో పెట్టిన చప్పుడైంది. అతను తిరిగొచ్చి "పీకిన" అనేదాకా వదిన నా పక్కనే నిలబడింది.