ఫిమేల్ సర్జికల్ వార్డులో ఒక పిండి సంచి

నేను రిటైరు కావడానికి ఇంక రెండేండ్లు ఉన్నదనంగ, ఒక నవంబర్ మొదటి వారంలో, గోదావరిఖనిలోని కంపెనీ దవాఖానలో నన్ను ఫిమేల్ సర్జికల్ వార్డుకు హెడ్ నర్సుగా వేసిన్రు. బయటివాళ్లకు మా ర్యాంకులు తెలువవు కాబట్టి చెప్తున్న. స్టాఫ్ నర్సు సూది వేస్తది, డ్రెస్సింగ్ చేస్తది. హెడ్ నర్సు వార్డు మొత్తానికి జవాబు చెప్తది. మందుల ఇండెంటు, దుప్పట్లు, ఆయాల డ్యూటీలు, పేషెంట్ల డైట్ షీట్లు అన్నీ ఆమె సంతకం మీదనే నడుస్తయి. తప్పు జరిగితే మేట్రన్ ముందట నిలబడేది కూడ ఆమెనే.

డైట్ షీటు అంటే ఏ మంచం మీది పేషెంటుకు ఏం పెట్టాలె అని రోజూ పొద్దున వంటశాలకు పంపే కాగితం. ఆపరేషన్ అయినవాళ్లకు మొదట నోటికి ఏమీ ఉండదు, తర్వాత నీళ్లు, పాలు, జావ, ఆ తర్వాత మెత్తటి తిండి. ఆ కాగితం మీద లేనిది నా వార్డులోకి రావద్దు. మా మైనింగ్ కాలనీలల్ల ప్రేమ ఎక్కువ. పేగులకు కుట్లు వేసి రెండు రోజులు కాకముందే బోటి కూర గిన్నె పట్టుకొని దిగుతరు. ఆ గిన్నెలను గేటు కాడనే ఆపేదాన్ని. నా వెనుక నన్ను పోలీసు సిస్టరమ్మ అంటరని నాకు తెలుసు. నిజం చెప్పాలంటే ఆ పేరు విన్నప్పుడు నాకు లోపల సంబురంగనే ఉండేది.

గిన్నెల కంటె పొడులంటే నాకు ఇంకా భయం. అంతకు ముందు పనిచేసిన వార్డులో ఒకామె కామెర్లకని ఎవరో ఇచ్చిన నాటు మందు పొడి దిండు కింద పెట్టుకొని తిని, చావు దాక పోయి వచ్చింది. అప్పటి సంది పొట్లం కనిపిస్తే చాలు, గుంజుకునుడే.

ఇగ అసలు సంగతి. చలికాలం వస్తె మా ఊరి మెయిన్ రోడ్డు పక్కన స్వెటర్ల దుకాణాలు పడతయి. పొద్దుగాల అయిదింటికి ఫస్ట్ షిఫ్టుకు పొయ్యేటోళ్లంత ఆడనే మంకీ క్యాపులు కొంటరు. ఆ దుకాణాలోళ్లను ఊరంత నేపాలోళ్లు అంటది. నేను కూడ అట్లనే అనేదాన్ని. వాళ్లు నేపాలోళ్లు కాదు, టిబెట్ నుంచి వచ్చి కర్ణాటకలోని క్యాంపులల్ల బతుకుతున్న శరణార్థులు. ఇరవై చలికాలాలు వాళ్ల దగ్గర స్వెటర్లు కొన్న, ఒక్కసారి కూడ మీది ఏ ఊరు అని అడుగలె.

ఆ దుకాణాలల్ల ఒకదాని పెద్దామె దోల్మా. అరవై అయిదు దాటిన మనిషి, పొట్టిగ, చెంపలు ఎర్రగ. హెర్నియాల పేగు బిగుసుకొని, కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే కోడలు పెమా ఆటోలో తీసుకొచ్చింది. కంపెనీ ఉద్యోగుల కుటుంబాలు కానివాళ్లను మేము బయటి పేషెంట్లు అంటం. ప్రాణం మీదికి వస్తె సూపరింటెండెంట్ పర్మిషన్ మీద చేర్చుకుంటం. అదే రోజు ఆపరేషన్ అయింది, మంచిగ అయింది. మూడో రోజు పాలు, జావ మొదలు పెట్టినం. నాలుగో రోజు మెత్తటి తిండి రాసిన.

ఆ నాలుగో రోజు పొద్దున మంచాలు చూసుకుంట పోతుంటే దోల్మా దిండు కింద ఒక గుడ్డ సంచి దొరికింది. లోపల బూడిద రంగు పొడి. ఇదేందని హిందీల అడిగిన. ఆమె వాళ్ల భాషల ఒక్క మాట చెప్పి, వేళ్లు నోటి దగ్గర పెట్టి చూపించింది. నోట్లె వేసుకునే పొడి అంటే నాకు ఒకటే అర్థం. ఇంకో మాట అడుగలె. మా ఆయా ఖాజాబీని పిలిచి పసుపు సంచిల వెయ్యమన్న. పసుపు సంచిల పడ్డది కాల్చెయ్యడానికి పోతది, మళ్ల రాదు. దోల్మా చేతులు జోడించి తల వంచింది. ఎంత మంచి పేషెంటు అనుకున్న నేను. నా తెలివి అట్ల తెల్లారింది.

ఆ పూట నుంచి ఆమె తినుడు బంద్ చేసింది. ఇడ్లీ ఇస్తే ఒక ముక్క కొరికి పెట్టేసింది. జావ కక్కింది. పెరుగన్నం చూసి మొఖం తిప్పుకున్నది. మర్నాడు పొద్దున రౌండ్లకు వచ్చిన సర్జన్ సార్, రేపు సాయంత్రం రౌండు దాక చూస్తనని, అప్పటికి నోటితోని తినకుంటే ముక్కులకెళ్లి పైపు వేసి హైదరాబాదుకు పంపుడేనని చెప్పిండు. పచ్చి కుట్ల మీద అయిదారు గంటల ప్రయాణం ఆమెకు. దుకాణంల ఉన్నది పెమా ఒక్కతె, అది మూసి అత్త వెంట పోతే వాళ్ల చలికాలం అంత పోయినట్టే.

ఆ మధ్యాహ్నం నేను డ్యూటీ దిగే ముందు పెమా వచ్చింది. పదేండ్ల సంది మా ఊర్ల అమ్ముతుంది కాబట్టి తెలుగు మంచిగనే వస్తది. అత్త తింటలేదని చెప్తే, నా దిక్కు తిరిగి అడిగింది:

"అక్కా, మా అత్త పిండి సంచి ఏడుంది?"

నాటు మందని పారేయించిన అని చెప్పిన.

"మందు కాదక్కా, అది మాకు అన్నం. మీరు సద్దుల బతుకమ్మకు సత్తుపిండి చేస్తరు గద, గట్లనే. బార్లీ వేంచి పట్టిస్తం. అత్తకు ఒంట్ల మంచిగ లేకుంటే ఇంకేది పోదు లోపలికి."

ముప్ఫై ఏండ్ల సర్వీసు, ఎంతోమంది పొట్టలు చూసిన దాన్ని, మెత్తటి తిండి తినమని నేనే రాసి, ఆమె తినే ఒకే ఒక్క మెత్తటి తిండిని నేనే కాల్పించిన. సిగ్గుతోని చచ్చిపోయిన. దోల్మా మంచం పక్కన స్టూలు వేసుకొని కూసొని, నిన్ననే ఎందుకు చెప్పలేదని హిందీల అడిగిన. ఆమె మెల్లగ చెప్పింది. ఏడేండ్ల పిల్లగ ఉన్నప్పుడు అమ్మ వెంట కొండలు దాటి వచ్చిందట. అప్పటి సంది ఈ దేశంల చుట్టమేనట. చుట్టం ఇంట్ల ఇది పెట్టు, అది తియ్యకు అని కొట్లాడరు కదా అన్నది. కోపం లేదు ఆ మాటల. అందుకే నాకు ఇంకా ఎక్కువ తాకింది.

వాళ్ల క్యాంపు నుంచి పిండి తెప్పియ్యాలంటే రెండు రోజులు పడతది. మాకున్నది ఒక్క రోజు. డ్యూటీ దిగి పోతుంటే వంటశాల ముందట బుర్ర వెలిగింది. కిడ్నీ రాళ్ల పేషెంట్లకు మేము రోజూ బార్లీ నీళ్లు ఇస్తం. బార్లీ మా డైట్ లిస్టుల ఉన్నదే! కిరాణా దుకాణంల రెండు కిలోలు కొని, ఇంటికి పోయి పెంక మీద వేంచి, మిక్సీల పట్టి, తెల్లారి పొద్దున డబ్బాల పోసుకొని వచ్చిన. దోల్మా చిటికెడు నాలుక మీద వేసుకొని, నన్ను బాధ పెట్టద్దని కావచ్చు, శానా సేపు చప్పరించింది. తర్వాత పెమాకు ఫోన్ చేయించి అసలు మాట చెప్పించింది. మీద మాడింది, లోపల పచ్చిగ ఉన్నది, పెంక మీద కాదు, కాలిన ఇసుకల వేంచాలె.

ఇసుకనా! గోదావరి ఒడ్డున ఉన్నోళ్లకు ఇసుక కరువా? బొగ్గు తీసిన ఖాళీలను ఇసుకతోనే నింపుకుంట బతికిన ఊరు మాది. కాని అంత ఇసుకను కాల్చేదెట్ల? ఖాజాబీ నవ్వుకుంట, "సిస్టరమ్మా, ఫికర్ జెయ్యకు, మా అన్నది శనగల బట్టీ ఉన్నది" అన్నది.

రెండింటికి ఇద్దరం డ్యూటీ దిగి ఆమె అన్న బట్టీకి పోయినం. ఆయన రోజూ శనగలు, పల్లీలు వేంచేది ఇసుకలనే. బార్లీ అంటే మొదట వింతగ చూసిండు. ఇసుక ఎర్రగ కాలినంక గింజలు పోసి రెండు తిప్పులు తిప్పిండో లేదో, టపటప పేలినయి. జల్లెడల పోసి ఇసుక దులిపి ఇచ్చిండు. తెల్ల చీర మీద మసితోని నన్ను అట్ల చూసి బజారంత నవ్వింది. గిర్ని మీద పట్టించి, వేడివేడి పిండి పట్టుకొని అయిదింటికల్ల వార్డుకు ఉరికినం.

దోల్మా వాసన చూసింది. లేచి కూసోవెట్టమని చెయ్యి చాపింది. గిన్నెల పెమా ఫ్లాస్కుల తెచ్చిన ఉప్పు చాయ్, ఇంత వెన్న, దాని మీద పిండి. మూడు వేళ్లతోని గిన్నె అంచు వెంబడి తిప్పుకుంట, చుక్క కింద పడకుండ ముద్ద చేసింది. మొదటి ముద్ద నాకు చాపింది. డ్యూటీ లేకున్నా వార్డు వార్డే, పేషెంటు తిండి నర్సు ముట్టద్దు. నేనే రాసి గోడకు అంటించిన రూలు అది. తిన్న. ఉప్పగ, కమ్మగ ఉన్నది. తర్వాత ఆమె తిన్నది. ఒకటి, రెండు, మూడు ముద్దలు. కక్కుతదేమోనని బేసిన్ పట్టుకొని అట్లనే నిలబడ్డ. కక్కలె. ఇంకింత పొయ్యమని గిన్నె చాపింది. నాకు ఏడుపు, నవ్వు రెండూ ఒకటేసారి వచ్చినయి.

ఆరింటికి సర్జన్ సార్ వచ్చిండు. ఖాళీ గిన్నె చూసిండు, డైట్ షీటు చూసిండు. అందుల నా చేతిరాతతోని బార్లీ అని ఉన్నది. బార్లీ అంటే నీళ్లు గద సిస్టర్, ఇది ముద్ద లెక్కున్నది అన్నడు. నీళ్లు తక్కువ పోసినం సార్ అన్న. ఆయన దోల్మా పొట్ట ఒత్తి చూసి, నాడి చూసి, హైదరాబాదుకు పంపుతందుకు రాసి పెట్టుకున్న చీటీ చింపి జేబుల పెట్టుకున్నడు. నాలుగు రోజులకు కుట్లు విప్పి ఇంటికి పంపినం.

వాళ్లు క్యాంపుకు తిరిగి పోయే ముందు, జనవరిల ఒక ఆదివారం చర్చి అయినంక, దోల్మా నన్ను వాళ్ల కిరాయి రూముకు భోజనానికి పిలిచింది. పక్కింటామెతోని చేయించిన మక్క సత్తుపిండి డబ్బా పట్టుకొని పోయిన. దోల్మా తిని, ఇంత మంచి పిండిల బెల్లం ఎందుకు పోసి పాడు చేసిన్రని నవ్వింది. నీ చాయ్‌ల ఉప్పెందుకు పోసినవని నేను అడిగిన. ఆవిరి మీద ఉడికించిన మెత్తటి రొట్టె, వేడి చారు పెట్టిన్రు. మన దిక్కు పోసింది ఒడగొట్టకుంటే మర్యాద కాదని నేను కప్పు ఖాళీ చేస్తున్న కొద్దీ ఆమె నింపుతున్నది. ఏడో కప్పుకు పెమా జాలిపడి చెప్పింది, చాలు అంటే కప్పు నిండుగ ఇడిచిపెట్టాలె అని. ముందే చెప్పరాదుల్లా అని మొత్తుకున్న. ముగ్గురం కడుపు పట్టుకొని నవ్వినం.

నవ్వు అయినంక, ఎన్నో రోజుల సంది మనసుల ఉన్న మాట చెప్పిన. నీ సంచి గుంజుకున్నందుకు మాఫ్ చెయ్యమని. దోల్మా నా చెయ్యి పట్టుకొని హిందీల అన్న మాట ఇది:

"నా ఉమ్మర్ల గుంజుకున్నోళ్లను మస్తు మందిని చూసిన. మళ్ల తెచ్చి ఇచ్చిందానివి నువ్వొక్కదానివే."

ఆ తర్వాత నాకు ఉన్న సర్వీసు రెండేండ్లు. ఆ రెండేండ్లూ పొడులు, పొట్లాలు అట్లనే పట్టుకున్న. అందుల చాలమట్టుకు నాటు మందులే, పారేయించిన. కాని ప్రతిసారి ముందు స్టూలు వేసుకొని కూసొని, ఇదేంది, ఎందుకు తింటవని అడిగి, జవాబు నాకు అర్థమైనంకనే పసుపు సంచి తెరిపించిన. దానికి పట్టేది రెండు నిమిషాలు. నర్సింగ్ స్కూల్‌ల మొదటి ఏడు చెప్పే పాఠమే అది, నాకు ముప్ఫై ఏండ్లు పట్టింది.