గేదె తప్పిపోయిన ఏడుపు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. ఆ రోజులంటే మరీ పాత కాలమేమీ కాదు. చేతిలో ఫోను, ఫోనులో నెట్టు, నోట్లో ఓ అభిప్రాయం లేని మనిషి కనపడని ఈ కాలమే, కాకపోతే కొన్నేళ్లు వెనక్కి. మాది తాడేపల్లిగూడెం, మా నాన్నగారిది ఉల్లిపాయల వ్యాపారం. మా ఇంట్లో చేప అనే మాట వినపడితే చాలు, నాయనమ్మ చెంబు తీసుకుని నోరు పుక్కిలించేది. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు ఉద్యోగం దొరికింది ఎక్కడయ్యా అంటే ఏలూరులో, చేపల మేత అమ్మే కంపెనీ ఆఫీసులో. (నాయనమ్మకి 'కంప్యూటర్ పని' అని మాత్రమే చెప్పాం. ఆవిడ ఇప్పటికీ నేను కంప్యూటర్లు అమ్ముతాననే అనుకుంటోంది.) డిగ్రీ చేతికొచ్చింది, జీతం మొదలైంది, శనాదివారాలు ఖాళీ. ఆ ఖాళీ అంతా సినిమాలతో నింపేదాన్ని. హాల్లో చూసినవి, ఫోన్లో చూసినవి, సగం చూసి నిద్రపోయినవి, అన్నిటి మీదా నాకు సమానమైన అధికారం ఉందనుకునేదాన్ని.

పొద్దున్నే గూడెంలో పాసింజరెక్కితే ఏలూరులో దిగేదాకా మా పెట్టెలో రోజూ కనపడే మొహాలే. వాళ్లలో బ్యాంకులో పనిచేసే ఓ పెద్దాయన ఉండేవారు, అందరం బాబాయిగారు అనేవాళ్లం. సోమవారం వచ్చిందంటే ఆయన కళ్లజోడు తుడుచుకుని, "ఏమ్మా, ఈ వారం ఏం చూశావు? మమ్మల్ని వెళ్లమంటావా, మానమంటావా?" అని అడిగేవారు. అంతే, నాకు పూనకం వచ్చేది. దెయ్యం సినిమా అయితే, "అందులో భయపెట్టేదల్లా కరెంటు పోవడమేనండి. దానికి హాలుకెందుకు, మా వీధికొచ్చి కూర్చోండి" అనేదాన్ని. ప్రేమ సినిమా అయితే, "వాళ్లిద్దరూ విడిపోయింది అబ్బాయి ఫోన్లో చార్జింగ్ అయిపోవడం వల్లండి. ఎవరైనా ఓ చార్జరిచ్చుంటే మనం ఇంటర్వెల్‌కే ఇంటికొచ్చేసేవాళ్లం." కొట్లాట సినిమా అయితే, "హీరోగారు గుద్దితే లారీ గాల్లోకి లేచిందండి. పక్కనే బడ్డీకొట్టు మీదున్న టీ గ్లాసు మాత్రం కదల్లేదు. నాకైతే ఆ గ్లాసే హీరోలా కనపడింది." గూఢచారి సినిమా అయితే, "దేశదేశాలు తిరిగాడండి, చేతిలో ఒక్క సంచీ లేదు, సీనుకో కోటు మాత్రం మారింది." భక్తి సినిమాలొక్కటే వదిలేసేదాన్ని. (గౌరవంతో కాదు. నాయనమ్మని తీసుకెళ్లాను. ఆవిడ హాల్లోనే కొబ్బరికాయ కొడతానని లేచి నిలబడటంతో నాకు సినిమా కనపడలేదు.) పెట్టెంతా నవ్వేది. బాబాయిగారు నాకు 'సెన్సారమ్మ' అని పేరు పెట్టారు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఎవరో శాలువా కప్పినట్టుండేది. కెమెరాకి ముందు ఏదో వెనక ఏదో కూడా నాకు సరిగా తెలియదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, ముఖ్యంగా నాకు.

అలా ఉండగా కొల్లేరులో తీసిన సినిమా ఒకటి వచ్చింది. మా వైపు జనమంతా ఊగిపోయారు. హీరో మొహం కన్నా వెనకాల కనపడే గట్లనీ పడవలనీ చూసుకుని, "అదిగో మా బావగారి చెరువు!" అని హాల్లో కేకలు. నేనూ ఓ శనివారం మధ్యాహ్నం ఏలూరులో చూసి బయటికొచ్చేసరికి మెట్ల దగ్గర ఓ కుర్రాడు మైకు పట్టుకుని నిలబడ్డాడు. ఏదో యూట్యూబ్ చానలట. "మేడమ్, సినిమా ఎలా ఉందండి?" అని అడిగాడు. ఇన్నాళ్లూ రైలు పెట్టెకే పరిమితమైన నా ప్రతిభ లోకానికి తెలిసే వేళ వచ్చిందనుకున్నాను. చున్నీ సర్దుకుని మొదలుపెట్టాను. పాటలన్నాను, ఫైట్లన్నాను, చివరికి చావు సీను దగ్గరికొచ్చాను. అందులో ఓ ముసలాయన చనిపోతాడు, ఆయన భార్య మంచం పక్కన కూర్చుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని, భుజాలు కుదిపి కుదిపి ఏడుస్తుంది. "ఆ ఏడుపేంటండీ! మొగుడు పోయినట్టు లేదు, గేదె తప్పిపోయినట్టుంది. ఆ శవంగారు మాత్రం సూపరండి. సినిమా మొత్తంలో అతి చెయ్యనిది ఆయనొక్కడే" అన్నాను. మైకు కుర్రాడు నవ్వాపుకోలేక పక్కకి తిరిగిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి, ఏం చేసినా పోవు.

ఆ ముక్క ఒక్కటీ కోసి నెట్లో పెట్టాడు ఆ కుర్రాడు. ఏలూరు, గూడెం, కైకలూరు, భీమవరం, ఎక్కడ చూసినా అదే. ఉల్లిపాయల మార్కెట్లో హమాలీలు కూడా మా నాన్నగారికి చూపించారట. ఆయన రాత్రి అన్నం దగ్గర, "గేదె మాట బాగానే ఉంది గానీ, ఆవిడెవరో పాపం" అన్నారు. "నటులకి ఇవన్నీ మామూలే నాన్నా. వాళ్లేం పట్టించుకోరు" అన్నాను. మజ్జిగన్నంలో ఆవకాయ నంజుకుంటూ, చాలా తెలిసిన దానిలా.

కొన్నాళ్లకి మా ఆఫీసులో ఊళ్లు తిరిగి రైతులతో మాట్లాడే అన్నయ్య ఒకాయన నా బల్ల దగ్గరికొచ్చి, "ఏవండీ, రేపు మండవల్లి వైపు రైతుల మీటింగుంది. మీరు కూడా రావాలండి" అన్నాడు. "నేనెందుకండీ? నాకు చేప మొహమే సరిగా తెలియదు" అన్నాను. "అక్కడ పెద్ద రైతు తాతగారొకరున్నారండి. ఆయన మాటంటే ఆ చుట్టుపక్కల చెరువులన్నిటికీ వేదం. మీరొస్తేనే మన మేత సంగతి వింటానన్నారు. మీరంటే ఆయనకి అభిమానమటండి" అన్నాడు. నాకప్పటికే అభిమానులుండటం సహజమనిపించింది. (ఈ వాక్యం రాస్తుంటే చెవులు కాలుతున్నాయి. అయినా రాస్తున్నాను.) మర్నాడు ఉన్నవాటిల్లో మంచి డ్రెస్సు వేసుకుని బయలుదేరాను. దారి పొడుగునా అటూ ఇటూ నీళ్లు, కరెంటు తీగల మీద కొంగలు, గాలిలో మా నాయనమ్మకి పనికిరాని వాసన. అన్నయ్య కారు నడుపుతూ తనలో తను నవ్వుకుంటున్నాడు. వాతావరణం బాగుందని కాబోలనుకున్నాను.

చెరువు గట్టున డాబా ఇల్లు. వాకిట్లో కుర్చీలు, ఊళ్లో రైతులంతా ఉన్నారు, వాళ్ల వెనక ఆడవాళ్లు, పిల్లలు. తెల్ల పంచె కట్టుకున్న తాతగారొకాయన చేతులు చాపుకుంటూ ఎదురొచ్చారు. "రామ్మా, రా! నా నటన గుర్తించిన మొదటి మనిషివి నువ్వే!" అన్నారు. నేను నవ్వుతూనే ఆయన మొహం వైపు చూశాను. ఎక్కడో చూసిన మొహం. కళ్లు మూసుకుని ఉన్నట్టు ఊహించుకున్నాను. కాళ్ల కింద భూమి కొల్లేట్లోకి జారిపోయినట్టయింది. శవం! నేను మెచ్చుకున్న శవంగారు నిక్షేపంగా నిలబడి నా తల నిమురుతున్నారు. "మా వాళ్లందరికీ చెబుతున్నానమ్మా, అతి చెయ్యనిది నేనొక్కణ్ణేనని. ఊపిరి బిగబట్టడమంటే మాటలా?" అని అందరి వైపూ గర్వంగా చూశారు. నాకు రెండో ఆలోచన రావడానికి కాస్త టైము పట్టింది. "మరి... ఆ సినిమాలో... ఆవిడ?" అన్నాను. "ఆవిడా? మా ఆవిడే. ఇక్కడ షూటింగుకొచ్చినవాళ్లు మా ఇద్దరికీ వేషాలిచ్చార్లే. వంటింట్లో ఉంది. నీ వీడియో వచ్చినకాడి నుంచి నాతో మాట్లాట్టం లేదు" అన్నారు తాతగారు, అదేదో జలుబు సంగతి చెప్పినట్టు.

అన్నయ్య వైపు చూశాను. ఆయన అప్పుడే మేత బస్తా మీద అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు. గుంపులోంచి ఓ పిల్లాడు వంటింటి వైపు తిరిగి, "మామ్మా! గేదె దొరికిందా?" అని అరిచాడు. అందరూ ఘొల్లుమన్నారు. పక్కనున్న ఓ ఆడమనిషి నాతో మెల్లిగా అంది, "రోజూ ఇదేనండి. వీధిలోకొస్తే చాలు అడుగుతున్నారు. పాపం ఆదివారం చర్చికి రావడం కూడా మానేశారు." నా మాట హాలు మెట్లు దాటి, కొల్లేరు దాటి, ఈ వాకిట్లో ఓ పెద్దావిడని ఇంట్లో కూర్చోబెట్టిందన్నమాట. నేను అన్నం దగ్గర 'వాళ్లేం పట్టించుకోరు' అన్నది ఈవిడ గురించే. కుర్చీలో కూర్చోలేక, లేవలేక, వెళ్దామంటే కారు తాళం ఆ అన్నయ్య జేబులో ఉండి, నేను పడ్డ అవస్థ పగవాళ్లకి కూడా వద్దు.

ఇంతలో మామ్మగారు వచ్చారు. సన్నగా, పొట్టిగా, చేతిలో కాఫీ గ్లాసుల పళ్లెంతో. అందరికీ ఇచ్చి, చివరికి నా ముందు నిలబడ్డారు. "నువ్వేనా అమ్మా ఆ అమ్మాయివి?" అన్నారు. నేను లేచి నిలబడి, "మామ్మగారూ, నాకు తెలియదండి, మీరని..." అన్నాను. "నేనని తెలిస్తే అనవు. తెలియకపోతే అనొచ్చా?" అన్నారు. గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకుందామని అడిగినట్టుంది. దానికి నా దగ్గర అభిప్రాయం లేదు. ఊహ తెలిశాక మొదటిసారి. "సరేలే. మొగుడు పోయినట్టు ఎలా ఏడవాలో నాకు చేతకాలేదు. నువ్వు చూపించు. నేర్చుకుంటాను" అన్నారు.

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. పిల్లలు మడతమంచం తెచ్చి వేసేశారు. తాతగారికి ఇంకొకరు చెప్పాలా, ఆయన పంచె సర్దుకుని వెల్లకిలా పడుకుని, చేతులు గుండె మీద పెట్టుకుని పోయారు. (ఒప్పుకోవాలి, దగ్గర నుంచి చూసినా అద్భుతంగా పోయారు.) ఊరంతా చూస్తోంది. నేను మంచం పక్కన కూర్చుని, చున్నీ నోటికడ్డం పెట్టుకుని మొదలుపెట్టాను. గొంతు వచ్చింది గానీ, అది ఏడుపు కాదు. వానకి తడిసిన మోటారు సైకిలు స్టార్టవనని మొరాయించినప్పటి చప్పుడు. 'తాతగారూ' అందామనుకుని, భార్య అలా అనదని గుర్తొచ్చి, 'ఏవండీ' అన్నాను. ఆ మాటకి శవం ఒక కన్ను తెరిచి, "ఏమే?" అంది. ఇంక చూడాలి ఆ జనాన్ని. ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. తాతగారు లేచి కూర్చుని, "గేదె దాకా ఎందుకమ్మా, కోడిపెట్ట తప్పిపోయినట్టు కూడా లేదు" అని తీర్పు చెప్పారు. చుట్టూ ఎన్ని ఫోన్లు లేచాయో నేను చూడలేదు, తల ఎత్తితే కదా.

మామ్మగారు మాత్రం నవ్వలేదు. నా పక్కనే కింద కూర్చుని, "చూశావా? బతికున్న మనిషిని పక్కన పెట్టుకుని ఎలా ఏడవగలం? నన్ను కాళ్లు పట్టుకుని ఏడవమన్నారమ్మా. పట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. హమ్మయ్య, ఉన్నాడులే అనిపించింది. అందులోనూ ఈయనకి చక్కిలిగింతలు. బొటనవేలు కదిలిస్తున్నాడు. నవ్వాగక కొంగు అడ్డం పెట్టుకున్నాను. నువ్వు చూసింది ఏడుపు కాదే పిచ్చిమొహమా, నవ్వు" అన్నారు. తాతగారి మొహం చూడాలి. ఊపిరి బిగబట్టిన మహానటుడి బొటనవేలు ఊరందరి ముందూ బయటపడింది. "అబద్ధం, నేను కదల్లేదు" అన్నారు. "కదిలావు" అన్నారావిడ. ఇన్నాళ్లకి మొగుడితో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదేనట.

మీటింగయ్యాక భోజనాలు. వరండాలో బల్లల మీద అందరి విస్తళ్లలోనూ చేపల పులుసు ఘుమఘుమలాడుతోంది. నాకిక అక్కడ పెరుగన్నం కూడా దిగదనుకుని ఓ మూల నిలబడ్డాను. మామ్మగారు నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, వంటింట్లో పీట వేశారు. కొత్త పళ్లెంలో వేడన్నం, ముద్దపప్పు, అరటికాయ వేపుడు, గడ్డ పెరుగు. "చేపలు ముట్టని ఇంటి పిల్లవట కదా, మీ ఆఫీసబ్బాయి నిన్న చెప్పాడు. గిన్నెలు విడిగా తోమించి పొద్దున్నే నీకు వేరే వండాను. అనుమానం లేకుండా తిను" అన్నారు. నన్ను నిలదీయాలనుకున్న మనిషి, ఆ పొద్దున్నే లేచి నా కోసం అరటికాయ తరిగిందన్నమాట. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కళ్లు, ముక్కు ఒకేసారి మొదలయ్యాయి. పప్పన్నంలోకి కన్నీళ్లు బొటబొటా రాలుతున్నాయి, ఆపుదామంటే చెయ్యి ఎంగిలి. మామ్మగారు కాసేపు నా మొహంలోకి పరీక్షగా చూసి, "ఆఁ, ఇది బాగుంది" అన్నారు. నెయ్యి ఇంకో చెంచా వేశారు.

ఆ మధ్యాహ్నం తీసిన వీడియో నాకన్నా ముందే రైలెక్కింది. సోమవారం బాబాయిగారు కళ్లజోడు తుడుచుకుని, ఈసారి ఏమీ అడగకుండా నాకు కిటికీ పక్క సీటు వదిలారు. అది ఏ తిట్టు కన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఆ తరవాత మండవల్లిలో గేదె మాట పోయి కోడిపెట్ట మాట వచ్చిందనీ, మామ్మగారు చర్చికి వెళుతున్నారనీ అన్నయ్య చెప్పాడు. ఓసారి ఆవిడే ఫోను చేశారు. "మళ్లీ సినిమావాళ్లొచ్చారమ్మా. కోడల్ని సాధించే అత్తగారి వేషమంట. ఏమంటావు? వెళ్లమంటావా, మానమంటావా?" అన్నారు. పక్క నుంచి తాతగారు, "నాకేమైనా ఉందేమో అడగమను!" అని అరుస్తున్నారు. "మీ ఇష్టమండి మామ్మగారూ, నాకేం తెలుసు" అన్నాను. దానికావిడ, "అయ్యో, నువ్వు కూడా ఇలా అయిపోతే ఎలాగే!" అన్నారు.

ఇప్పుడు నేను చూసిన సినిమా గురించి ఎవరైనా అడిగితే, "ఫరవాలేదండి, ఓసారి చూడొచ్చు" అంటాను. అన్ని సినిమాలకీ అదే మాట. మా ఇంట్లో వాళ్లకి విసుగు కూడా. హాలు మెట్ల మీది ఆ పాత వీడియో ఇంకా నెట్లో ఉంది. ఎప్పుడైనా ఇంట్లో ఎవరూ లేనప్పుడు, శబ్దం తీసేసి చూస్తాను. చున్నీ సర్దుకుంటూ, చేతులు తిప్పుకుంటూ, లోకంలో తనకి అర్థం కానిదేదీ లేనట్టు మాట్లాడేస్తోంది ఆ పిల్ల. సిగ్గుతో సగం దాకా చూసి ఆపేస్తాను. ఆపాక, ఎందుకో మరి, మళ్లీ మొదటి నుంచి పెడతాను. ఎంత ధైర్యంగా ఉందో పాపం.